ఆగిపోవడంలో రకాలు

ఆగిపోయిన బండ్లను కదిలించడం నా వృత్తి. చిత్తూరులో మద్రాసు రోడ్డు పక్కన ఒక షెడ్డులో పనికి కుదిరి, అక్కడే మేస్త్రీనై, అక్కడే తల నెరిసి ఇంటికి చేరాను. డెబ్భైల్లో, ఎనభైల్లో ఆ చుట్టుపక్కల ఏ లారీ కదలనన్నా, ఏ ట్రాక్టరు కాలవలో పడినా కబురు మా షెడ్డుకే వచ్చేది. ఇప్పుడీ పనిలోకి వస్తున్న కుర్రాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి కూర్చుంటారు. మీ కాలంలో ఎన్ని టన్నుల క్రేన్ ఉండేది, ఎంత బరువు లేపేవాళ్లు అని అడుగుతారు. వాళ్లకు కాఫీ ఇచ్చి, అది అడగవలసిన ప్రశ్న కాదని చెబుతాను. క్రేన్ చేతిలో డబ్బున్నవాడు ఎవడైనా కొంటాడు. బండి ఎట్లా ఆగిందో కనుక్కోవడం మాత్రం నేర్చుకుంటేనే వస్తుంది.

ఉద్యోగంలో నాకొచ్చిన పెద్దరికాలు, జీతాలు ఇక్కడ రాయను. అవి చదివి ఎవరికీ ఏమీ రాదు.

గుమ్మంలో బస్సు సీటు

మా షెడ్డు యజమాని చెంగల్రాయ నాయుడు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. పాత బస్సులోంచి పీకిన సీటు ఒకటి గుమ్మంలో వేసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని మీదే ఉండేవాడు. బండి ఆగిందని ఎవరు పరిగెత్తుకుంటూ వచ్చినా ముందు ఆయనకు చెప్పాలి. ఆయన సరే అనేదాకా మేము ఒక్క తాడు కూడా లారీలోకి ఎత్తకూడదు. వచ్చినవాడు రొప్పుతూ ‘అన్నా, బండి ఆగిపోయింది’ అంటాడు. నాయుడు నిదానంగా చూసేవాడు.

“ఆగిపోయిందని నాకూ తెలుసప్పా. పోతా ఉంటే నువ్వు ఈడికెందుకొస్తావు? ఎట్లా ఆగిందో అది చెప్పు.”

మొదట్లో నాకు ఒళ్లు మండేది. అక్కడ రోడ్డు మీద బండి ఉంటే ఇక్కడ ఈయన మాటల పంచాయితీ పెట్టాడేమని. ఆరునెలలు తిరక్కుండానే తెలిసింది. మన వాళ్లు ఊరికే మాటలు పుట్టించలేదు. ఆగిపోవడానికి మనకున్నన్ని మాటలు కదలడానికి కూడా లేవేమో. ఒక్కో మాటకు ఒక్కో సామాను.

‘దిగబడింది’ అన్నాడంటే కింద నేల మెత్తన. స్వర్ణముఖి ఇసుకకు పోయే లారీలన్నిటి జబ్బూ అదే. అక్కడికి పలకలు, జాకీలు, పారలు పట్టుకుపోవాలి. చైను వేసి లాగితే ఇంకా దిగుతుంది. ‘ఇరుక్కుంది’ అంటే రెండు పక్కలా ఏదో పట్టుకుని ఉంది. సందులో గోడకూ గోడకూ మధ్య, గేటు స్తంభాల మధ్య. దానికి బలం పనికిరాదు, ఏ పక్క ఎంత చోటుందో కొలిచే ఓపిక కావాలి. ‘తట్టుకుంది’ అంటే అడ్డుపడింది ఒక్కటే. రాయో, వేరో, కొమ్మో. ఆ ఒక్కటి వెతికి తీస్తే చాలు, మిగిలిందంతా బాగానే ఉంటుంది. ‘పట్టేసింది’ అంటే జబ్బు బయట లేదు, లోపల ఉంది. బేరింగో, బ్రేకో. అట్లాంటి బండిని లాగడమంత తెలివితక్కువ పని లేదు. మాతో పనిచేసిన ఒకాయన నాయుడి మాట వినకుండా బ్రేకు పట్టేసిన లారీని క్రేన్‌కు కట్టి ఈడ్చుకొచ్చాడు. షెడ్డు చేరేసరికి వెనక టైర్లు పొగలు కక్కుతున్నాయి. నాయుడు తిట్టలేదు. ఆ టైర్ల పక్కనే ఆయనకు భోజనం వడ్డించమన్నాడు. ఆ వాసనకు ముద్ద దిగక లేచిపోయాడు పాపం.

నగరి వైపు నుంచి వచ్చే అరవ డ్రైవర్లతోనే తంటా. వాళ్లు అన్నిటికీ ‘మాట్టికిచ్చు’, అంటే చిక్కుకుంది, అనేవాళ్లు. గుంతలో పడినా అదే, గోడకు తగిలినా అదే. వాళ్ల చేత నాయుడు చేతులతో చూపించుకునేవాడు. ఒక చెయ్యి బండి, ఇంకో చెయ్యి నేల. చూపించమంటే ఎవడూ అబద్ధం ఆడలేడని ఆయన నమ్మకం.

మొరాయించడం

ఈ మాటను మాత్రం నేను ఎప్పుడూ నమ్మలేదు. మొరాయించేది ఎద్దు, గాడిద, మనిషి. ఇంజనుకు అలక తెలియదు. ‘బండి మొరాయించింది మణి మేస్త్రీ’ అని ఎవరైనా వస్తే నేను బండి కంటే ముందు డ్రైవరు ముఖం చూస్తాను.

ఒకసారి పెళ్లివారి కారు ఒకటి మా షెడ్డుకు కాస్త దూరంలో ఆగింది. పెళ్లికొడుకు చెమటలు కక్కుతూ లోపల కూర్చున్నాడు. డ్రైవరు బానెట్ ఎత్తి పెట్టి చెట్టు కింద బీడీ కాలుస్తున్నాడు. నేను చూస్తే అంతా సరిగ్గా ఉంది, ఒక్క తీగ తప్ప. అది దానంతట ఊడే తీగ కాదు. పక్కకు పిలిచి అడిగితే, తన మేనకోడలికి అదే రోజు చెవులు కుట్టిస్తున్నారని, సెలవడిగితే యజమాని ఇవ్వలేదని చెప్పాడు. తీగ తగిలించి, పెళ్లికొడుకును దింపగానే తిరిగి రావచ్చని కారులోనే ఉన్న యజమానిని ఒప్పించి పంపాను. నా సర్వీసులో రెంచి పట్టకుండా బాగుచేసిన బండ్లు ఇట్లాంటివి చాలా ఉన్నాయి.

‘అడ్డం పడింది’ అనేది ఇంకో తరహా. అందులో జబ్బు బండిది కాదు, వెనక ఆగిన వాళ్లది. పుత్తూరు రోడ్డులో మామిడికాయల లారీ ఒకటి అడ్డంగా తిరిగి నిలబడింది. నేను యాక్సిలు బాగుచేద్దామని కిందకు దూరబోతే, ఆ రోజు మాతో వచ్చిన నాయుడు కాలు పట్టి బయటికి లాగాడు. బండి సంగతి తర్వాత, ముందు దారి ఇవ్వమన్నాడు. లారీని పక్కకు నెట్టేలోగా రెండు వైపులా ఆగిన బస్సుల్లో జనం దిగి బేనీషా కాయలు తిని, టెంకలు మా నెత్తిన వేస్తున్నారు. ఆ రోజు నుంచి అడ్డం అన్న మాట వింటే నేను ముందు వెనకవాళ్లను చూస్తాను.

ఈ అలవాటు ఇంట్లో కూడా వదల్లేదు. మా బావమరిది తాలూకాఫీసులో కాగితం కదలడం లేదని ఏడిస్తే, అది దిగబడిందా, ఎవరన్నా అడ్డం పడ్డారా కనుక్కోమన్నాను. నీకు అంతా లారీల్లాగే కనిపిస్తుందని నా భార్య ఎగతాళి చేసింది. తర్వాత కనుక్కుంటే గుమాస్తా ఒకడు అడ్డం పడ్డాడు.

స్వామి నిలిచాడు

ఇప్పుడు చెప్పబోయేది నేను అందరికీ చెప్పే సంగతి. ఎనభైల మొదట్లో జరిగింది. పాకాల దాటి కాస్త లోపలికి పోతే ఒక ఊరు. పేరు రాయను. ఆ ఊళ్లో ఏటేటా తేరు లాగుతారు. పాత కొయ్య తేరు, మనిషెత్తు చక్రాలు, చక్రాలకు ఇనుప పట్టాలు.

పొద్దెక్కాక ఆ ఊరి నుంచి ఒకాయన మోటారు సైకిలు మీద వచ్చాడు. నాయుడు మామూలుగానే అడిగాడు. వచ్చినాయన చెంపలేసుకుని, “స్వామి నిలిచినాడన్నా” అన్నాడు.

ఎట్లా నిలిచాడని నాయుడు అడుగుతాడని ఎదురుచూశాను. అడగలేదు. ఆయన కూడా చెంపలేసుకున్నాడు. వెంకన్న భక్తుడు మరి. దేవుడి మాట రాగానే గుమ్మంలో కూర్చున్న ఆ న్యాయాధికారి కాస్తా మెత్తబడిపోయాడు. షెడ్డులో ఉన్న సామానంతా ఎక్కించుకుని పొమ్మన్నాడు. ఏమీ తెలియకుండా బయలుదేరడం నా సర్వీసులో అదే మొదటిసారి.

దారి పొడుగునా నాకు చిరాకే. తేరు రోజున ఆ ఊళ్లో ఎవరూ ఇరుక్కుంది, దిగబడింది అనరు. స్వామి నిలిచాడనే అంటారు. భక్తికి ఆ మాట మంచిదే. నా పనికి మాత్రం ఆ మాటలో ఏమీ లేదు.

పోయి చూస్తే వీధి మలుపులో తేరు ఒక పక్కకు వాలి నిలబడి ఉంది. ముందర మోకులు పట్టుకుని ఊరంతా ఉంది. టెంకాయ కొడతారు, కర్పూరం వెలిగిస్తారు, గోవిందా అని ఒక్క పట్టున లాగుతారు. కదలదు. మళ్లీ టెంకాయ. పొద్దున నుంచి అదే వరస. తేరు తిరిగి తన చోటికి చేరేదాకా ఊళ్లో పొయ్యి వెలిగించకూడదు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు, ముసలివాళ్లు అరుగుల మీద కూలబడ్డారు.

గుడి ధర్మకర్త జయరామరెడ్డి ఎదురొచ్చాడు. స్థూలకాయం, పట్టు అంచు పంచె, గొంతు బొంగురుపోయి ఉంది. తేరు ముందు కొయ్యకు చైను వేసి క్రేన్‌తో లాగమన్నాడు. నేను నాయుడి శిష్యుణ్ని కదా, అడిగాను. దిగబడిందా, తట్టుకుందా, ఎక్కడన్నా ఇరుక్కుందా అని.

రెడ్డి ముఖం ఎర్రబడింది. “స్వామిని పట్టుకోని ఇరుక్కున్నాడంటావా?”

“స్వామి నిలిచినాడు రెడ్డిగారూ, కాదన్లేదు. నేను అడిగేది తేరుని.”

 నేనే చుట్టూ తిరిగి చూసుకున్నాను. ఎడమ పక్క ముందు చక్రం దిగబడింది. నీళ్ల పైపు వేయడానికి తవ్వి పూడ్చిన కాలవ ఆ మలుపులో అడ్డంగా పోతోంది, పైమట్టి గట్టిగా కనిపిస్తోంది గాని లోపల గుల్ల. ఇంతవరకూ తేలికే. పలకలు వేసి, రాళ్లు కూరి, జాకీ ఎత్తితే సరిపోతుంది. కానీ ఒకటి నాకు నచ్చలేదు. తేరు చక్రాలు ఆపడానికి, తిప్పడానికి కొయ్యదిమ్మలు వేస్తారు. లాగేముందు వాటిని తీసెయ్యాలి. దిగబడిన చక్రం ముందర దిమ్మ అట్లాగే ఉంది. పొద్దున నుంచి ఇన్నిసార్లు లాగుతూ, ఆ దిమ్మ తీయకుండా ఎట్లా లాగుతున్నారు?

వంగి లోపలికి చూశాను. దిమ్మలు వేసే మునెయ్య తేరు కిందే ఉన్నాడు. ఇరుసుకు వీపు ఆనించి, కాళ్ల మీద పైగుడ్డ కప్పుకుని, పనిలో ఉన్నవాడిలాగే కూర్చున్నాడు. నుదుటి మీద నామం చెమటకు కారి ముక్కు మీదకు వచ్చింది. దిమ్మ తియ్యమన్నాను.

“నువ్వు పో సామీ. నేను సూసుకుంటా” అన్నాడు.

నేను పోలేదు. లోపలికి దూరి పైగుడ్డ అంచు ఎత్తాను. చక్రం దిగినప్పుడు దిమ్మ పక్కకు వాలి, అతని పాదాన్ని నేలలో పాతుకున్న రాతికి అదిమిపెట్టింది. మడమ దాకా వాచి నల్లబడింది. ఇంతసేపు జనం లాగిన లాగుడుకు చక్రం కదల్లేదు కాబట్టి పాదం మిగిలింది. రెడ్డి చెప్పినట్టు నేను క్రేన్‌తో ఒక్కసారి లాగి ఉంటే చక్రం దిమ్మను తోసేది, దిమ్మ పాదాన్ని పిండి చేసేది.

ఎప్పట్నుంచి అని అడిగాను. స్వామి నిలిచినప్పట్నుంచి అన్నాడు. ఎవరికీ చెప్పలేదేమని అడిగాను. మునెయ్య నా ముఖం చూడకుండా చెప్పాడు.

“చెప్తే ఏమంటారో నీకు తెల్దు. తేరు కింద మనిషి పడినాడు, రగతం పడింది, మైల అంటారు. పండగ ఆడికే ఆపేస్తారు. వచ్చే ఏటికి ఈ పని ఇంకొకరికి ఇస్తారు. మా తాత చేసినాడు, మా నాయన చేసినాడు. నా చేతిలో పోవాల్నా? నువ్వు చెప్పొద్దు సామీ, నీకు దండం పెడతా.”

అవతలి చక్రం దగ్గర ఉన్న అతని తమ్ముడికి ఈ సంగతి తెలుసు. నోరెత్తవద్దని అన్నే ఒట్టు వేయించుకున్నాడు. ఆ తమ్ముడు ప్రతి లాగుడుకూ కళ్లు మూసుకోవడం నేను చూశాను. భక్తి ఎక్కువై అనుకున్నాను.

పైకి

గుట్టుగా పని కానివ్వడం నాకు చేతగాక కాదు. ఏదో సాకు చెప్పి జాకీ పెట్టి, అతని పాదం తప్పించి, పైగుడ్డ కప్పి పంపెయ్యగలను. అతను కోరింది అదే. నేను చెయ్యలేదు. ఈ ఏడు నేను కప్పిపెడితే వచ్చే ఏడు కూడా తేరు ఆగుతుంది, అప్పుడూ స్వామి నిలిచాడనే అంటారు, కింద మనిషి ఉన్నాడో లేడో ఎవరూ అడగరు. అప్పుడు వచ్చే క్రేన్ మేస్త్రీ వంగి చూస్తాడన్న నమ్మకం నాకు లేదు. అతను వద్దన్న పని చేశాను. చేసింది సరైనదేనని ఇవాళ కూడా అంటాను.

బయటికొచ్చి రెడ్డిగారిని ఒకసారి కిందకు దిగమన్నాను. ధర్మకర్త తేరు కింద దూరడమేమిటని పక్కవాళ్లు నా మీద లేచారు. దిగకపోతే క్రేన్ తిప్పుకుని పోతానన్నాను. నా ముఖంలో ఏం చూశాడో, ఆయన ఉత్తరీయం తీసి పక్కవాడి చేతికిచ్చి, ఆ బరువు శరీరంతో మోకాళ్ల మీద కూర్చుని లోపలికి వంగాడు.  మేళం ఆగింది.  ఈయన మైల అంటే మునెయ్య బతుకు నా చేతిలో పోయినట్టే.

“మునెయ్యా, ఇరుక్కున్నావా?” అన్నాడు రెడ్డి. నేనంటే ఆయన ముఖం ఎర్రబడిన మాట అదే.

మునెయ్య ఏడ్చాడు. అంతసేపూ ఓర్చుకున్నవాడు ఆ ఒక్క మాటకు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

రెడ్డి లేచి, పంచె దుమ్ము కూడా దులుపుకోకుండా జనం వైపు తిరిగాడు. “కింద మన మనిషి ఇరుక్కున్నాడు. మోకులు కింద పెట్టండి” అన్నాడు. ఊరంతా ఒక్కసారిగా మోకులు వదిలింది.

ఇంకో చిక్కు మిగిలింది. దిమ్మ వదులు కావాలంటే చక్రం వెనక్కి జరగాలి. తేరు వెనక్కి పోకూడదని అక్కడి కట్టుబాటు, అందుకు పూజారి ససేమిరా అన్నాడు. నేను వాదించలేదు. ముందుకు పోనిది, వెనక్కి పోకూడనిది అయితే ఇంకో దిక్కు ఉంది. ఇరుసు కింద రైలు స్లీపరు దుంగలు పేర్చి, జాకీలు పెట్టి, తేరును ఉన్నచోటనే పైకి ఎత్తాను. చిటికెన వేలు దూరేంత. దిమ్మ కదిలింది. తమ్ముడు మునెయ్య చంకల కింద చేతులు వేసి ఒక్క గుంజు గుంజాడు. దేవుడు పైకి లేవకూడదని ఏ శాస్త్రంలోనూ లేదని పూజారే నవ్వుతూ ఒప్పుకున్నాడు.

గుల్ల కాలవలో రాళ్లు కూరి, పలకలు పరిచి, జాకీ దించాము. ఊరివాళ్లు మోకులు ఎత్తి లాగితే తేరు మెల్లగా మలుపు తిరిగింది. నా క్రేన్ కొక్కేన్ని ఆ రోజు వాడనే లేదు.

మునెయ్యను మా లారీలోనే చిత్తూరు ఆసుపత్రికి తీసుకొచ్చాను. పాదంలో ఎముక విరిగింది. దారంతా నన్ను తిట్టాడు. “చెప్పొద్దంటే చెప్పినావు గదా. మా నాయన పని పోగొట్టినావు గదా.”  నొప్పితో ఉన్నవాడితో వాదించకూడదు, అదీ గాక అతని పని ఉంటుందో పోతుందో అప్పటికి నాకు కూడా తెలియదు.  షెడ్డులో నాయుడికి జరిగింది చెబితే, బస్సు సీటు మీద నుంచే “దేవుడి పేరు చెప్పినా అడగాల్సింది మణీ, నేను అడగలేదు” అన్నాడు. తప్పు ఒప్పుకున్న యజమానిని నేను చూసింది ఆయన ఒక్కణ్నే.

మరుసటేడు

తేరుకు ముందు జయరామరెడ్డి నుంచి కబురొచ్చింది. వీధిలో నేల ఎక్కడెక్కడ గుల్లగా ఉందో చూసి పెట్టమని. గడపార తీసుకుని పోయి, తేరు పోయే దారంతా గుచ్చి చూసి, రెండు చోట్ల రాళ్లు వేయించాను. మునెయ్య సంగతి అడగడానికి నోరు రాలేదు. తేరు లాగే రోజున ఉండి పొమ్మన్నారు, ఉన్నాను.

ఆ మలుపులో తేరు మళ్లీ ఆగింది. ఈసారి చక్రానికి రాయి తట్టుకుంది, అంతే. జనం మోకులు పట్టుకునే ఉన్నారు. పూజారి టెంకాయ పైకెత్తాడు. రెడ్డి చెయ్యి అడ్డం పెట్టి, తేరు పక్కకు వచ్చి, వంగి గట్టిగా పిలిచాడు.

“మునెయ్యా!”

మేళం ఆగిపోయింది. మోకులు వదులయ్యాయి. ఊరు ఊరంతా చెవి ఒగ్గి నిలబడింది.

“ఉండా సామీ!” అని చక్రాల మధ్య నుంచి గొంతు వచ్చింది. “రాయి తీసేసినా. లాగండి!”

అప్పుడు టెంకాయ కొట్టారు. ఈ మధ్య ఆ ఊరివాళ్లు కనబడితే అడిగాను. మునెయ్య లేడు, అతని కొడుకు దిమ్మలు వేస్తున్నాడు. తేరు ఎక్కడ ఆగినా ఇప్పటికీ ముందు కింద ఉన్న మనిషిని పేరు పెట్టి పిలుస్తారట. అతను పలికిన తర్వాతే టెంకాయ.